నేనెందుకు అడగాలి

డిసెంబరు 21, శనివారం

ఇవాళ్టితో ల్యాబ్ మూసేశారు. మళ్ళీ కొత్త సంవత్సరంలోనే. పళ్ళు కాల్చే ఫర్నేసులు సర్వీసింగ్‌కి వెళ్తున్నాయి, డాక్టర్లు ఊళ్ళు తిరగడానికి వెళ్తున్నారు, కాబట్టి అప్పటిదాకా జనానికి కట్టుడు పళ్ళు అక్కర్లేదన్నమాట.

వెళ్ళేముందు చిన్న ఓనరు అందరినీ మైనం బల్లల దగ్గర నిలబెట్టి ఉపన్యాసం దంచాడు. వాళ్ళ నాన్న ఉన్నన్నాళ్ళూ సెలవులంటే "జాగ్రత్తగా వెళ్ళి రండి" అనేవాడు, అంతే. ఈయనగారు మేనేజ్‌మెంట్ చదివొచ్చాడు కాబట్టి సెలవులకి కూడా హోంవర్కు. వచ్చే ఏడాది మేం ఏం కావాలనుకుంటున్నామో, ల్యాబ్‌ని ఏం చేయాలనుకుంటున్నామో తలా ఒక కాగితం మీద రాసుకురావాలట. "పెద్ద కలలు కనండి" అన్నాడు. వాడు నోరు తెరిచినప్పుడల్లా పైవరస పళ్ళకి వేయించుకున్న తెలుపు నా కళ్ళలో పొడుస్తుంది. ఏ మనిషి పన్నూ ఆ రంగులో ఉండదు. బాత్రూం టైల్ ఉంటుంది. పళ్ళ ల్యాబ్ ఓనరే నోట్లో టైల్స్ పెట్టుకుని తిరుగుతుంటే ఇంక బయటివాళ్ళని ఏమనాలి?

చివర్లో అసలు సంగతి బయటపెట్టాడు. మా ల్యాబ్ హెడ్ పెద్దాయన జనవరి నుంచి రావడం లేదు. మోకాళ్ళు ఇంక ఒప్పుకోవడం లేదట. ఆయన స్థానంలో ఎవరన్నది ఈ కాగితాలు చూసి తేలుస్తాడట.

కాగితాలు చూసి! ఇన్నేళ్ళుగా ఈ ల్యాబ్ గుమ్మం దాటిన ప్రతి ముందు పన్నుకీ రంగు కలిపింది నేను. ఊళ్ళో సగం మంది నేను కలిపిన రంగుతోనే నవ్వుతున్నారు, వాళ్ళకి తెలియదు గానీ. ఇప్పుడు నేను స్కూలు పిల్లలా "నా ఆశయం" అని వ్యాసం రాయాలా?

పెద్దాయన నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. ఆ పదవి నా దగ్గరికి కాక ఇంకెవరి దగ్గరికి పోతుంది? పోనీ పోయిందే అనుకో, నాకేం? రాసేది లేదు. నేనెందుకు అడగాలి?

డిసెంబరు 22, ఆదివారం

మా ఆడపడుచు దిగింది. మొగుడు క్యాంపుకి వెళ్ళాడట, సెలవులన్నీ మా ఇంట్లోనేనట. ఆవిడ కెరీర్ కౌన్సెలర్. అంటే ఉద్యోగాల గురించి జనానికి సలహాలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. తను మాత్రం ఎక్కడా ఏడాది తిరక్కుండానే మానేస్తుంది.

పెట్టె సర్దుకోకముందే రంగు కాగితాల కట్ట తీసింది. జిగురు అంటుకుని ఉండే చిన్న చిన్న కాగితాలు. ఒక్కొక్కరు తమ లక్ష్యం రాసి ఫ్రిజ్ తలుపు మీద అతికించాలట. రోజూ కళ్ళబడితే అదే మనసులోకి దిగుతుందట. మా ఆయన, చెల్లెలు చెప్పిందే తడవు, "బరువు తగ్గాలి" అని రాసి అతికించేశాడు. అతికించి, అదే తలుపు తీసి, నిన్నటి స్వీటు తీసుకుని తిన్నాడు.

నా వంతుకి పసుపు కాగితం. "వదిన" అని పైన తనే రాసింది. కింద ఖాళీ. నేను పెన్ను ముట్టుకోలేదు. అలాగే అతికించేసింది మహాతల్లి.

డిసెంబరు 23, సోమవారం

ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అది ఊగుతుంది.

డిసెంబరు 24, మంగళవారం

పొద్దున్న కాఫీ కప్పు పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆ కూర్చోవడంలోనే తెలిసిపోతుంది, నన్ను బాగుచేయడానికి వచ్చిందని.

"వదినా, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నీకేం కావాలి?"

"నిశ్శబ్దం కావాలి."

"అది కాదు. ఉద్యోగంలో. అన్నయ్య చెప్పాడు, మీ హెడ్ మానేస్తున్నాడటగా."

మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అందునా చెల్లెలి దగ్గర.

"మానేస్తే?"

"కావాలని నోరు తెరిచి చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?"

"కళ్ళుంటే తెలుస్తుంది" అన్నాను.

"కళ్ళుండవు వదినా చాలామందికి" అంది, అదేదో కనిపెట్టినట్టు. కింది పళ్ళలో ఒకటి ఈవిడకి పక్కకి తిరిగి ఉంటుంది. మాట్లాడుతుంటే నాలుక దానికి తగిలి "స" కాస్త ఈలలా వస్తుంది. పదిమందికి సలహాలిచ్చే నోరు, ముందు దాన్ని సరిచేయించుకోకూడదా?

ఆవిడ స్నానానికి వెళ్ళాక ఒక కాగితం తీశాను. ఈ వెర్రి వ్యవహారం ఎంత వెర్రిగా ఉంటుందో చూద్దామని, అంతకుమించి ఏమీ లేదు. "వచ్చే ఏడాది నేను" అని రాశాను. ఆ తర్వాత ఏం రాసినా ముష్టి అడుగుతున్నట్టే ఉంది. అంట్లు తోమడానికి లేచాను.

డిసెంబరు 26, గురువారం

ఇవాళ మంచి వినోదం.

మైనం ఫోన్ చేశాడు. పళ్ళ నమూనాలు చెక్కే మైనం సెక్షన్‌లో చేస్తాడు కాబట్టి మైనం అంటాను, మనిషి కూడా అదే బాపతు. ఎవరు ఎటు నొక్కితే అటు ఒంగుతాడు. నాకంటే చాలా చిన్నవాడు. ఏమన్నా "సరే అక్కా" అంటాడు. చెయ్యి మాత్రం మంచిదే, కాదనను. కోరపన్ను చెక్కాడంటే పచ్చి కొబ్బరిముక్క కూడా కొరుకుతుంది. మెడ పైభాగం సంగతే నాకు తెలియదు.

"అక్కా, పనిలో ఉన్నారా? ఆ కాగితం సంగతి. నాకు ఒక్క ముక్క తోచడం లేదు. మా ఆవిడేమో రాయకుండా తిరిగి ల్యాబ్‌కి వెళ్తే ఊరుకోనంటోంది."

"ఏం రాశావో చదువు."

"క్రమశిక్షణతో పనిచేస్తాను. వేళకి వస్తాను. అందరితో కలిసిమెలిసి ఉంటాను."

నవ్వాగలేదు నాకు. ల్యాబ్ హెడ్ పదవికా, హాస్టల్లో సీటుకా అన్నాను. వాడూ నవ్వాడు. తనని చూసి నవ్వుతున్నారని తెలిసి కూడా నవ్వగలడు, అదీ వాడి గొప్ప.

"అయితే మీరే చెప్పండక్కా, ఏం రాయాలి?"

సరే, ఎగతాళికి మొదలుపెట్టాను. "రాసుకో" అన్నాను. "ఒకటి. మనిషిని చూడకుండా ముందు పన్ను చేయకూడదు. డాక్టరు తన గదిలో దీపాల కింద చూసి ఏదో ఒక షేడ్ నంబరు రాసి పంపుతాడు, మనం గుడ్డిగా అది కలుపుతాం, అది కాస్తా తిరిగొస్తుంది. అచ్చులో ఆకారం వస్తుంది గానీ రంగు వస్తుందా? ముందు పన్ను కావాల్సిన మనిషి ఒక్కసారి ల్యాబ్‌కి రావాలి. కిటికీ దగ్గర కూర్చోవాలి. కాసేపు మాట్లాడాలి, నవ్వాలి. అప్పుడు చూడాలి మనం."

"నెమ్మదిగా అక్కా. నవ్వాలి... ఆఁ."

"రెండు. తిరిగొచ్చిన పన్ను చెత్తబుట్టలోకి పోకూడదు. ఎవరు చేశారో వాళ్ళ బల్ల మీదికి రావాలి. ఎందుకు తిరిగొచ్చిందో వాళ్ళే చూసుకుని నలుగురికీ చెప్పాలి. నా పన్నైనా సరే."

"మీవి తిరిగిరావుగా అక్కా."

"వస్తాయి. రాసుకో. మూడు. కొత్తగా చేరినవాళ్ళ చేత ఊరి జనం పళ్ళు చేయించకూడదు. ముందు వాళ్ళ నోటి అచ్చు వాళ్ళే తీసుకోవాలి. వాళ్ళ ముందు పన్ను వాళ్ళే చేసి, అద్దంలో అసలు పన్ను పక్కన పెట్టి చూసుకోవాలి. తన నోట్లో తను చేసిన పన్ను చూసుకుని సిగ్గుపడినవాడికే పని వస్తుంది."

నాలుగోది చిన్న ఓనరు గురించి. డాక్టర్లకి ఇష్టమొచ్చిన తేదీలు మాట ఇచ్చేయకుండా, ముందు సెక్షన్‌ని అడగాలని. దాన్ని కాస్త మర్యాదగా రాసుకోమన్నాను. ఆ తర్వాత ఇంకా ఏవేవో వచ్చాయి. ఫోన్ వేడెక్కి చెవి కాలింది.

"అక్కా, చాలా బాగుంది" అన్నాడు. "ఇది మీరు రాస్తున్నారు కదా మరి? నేను రాస్తే బాగుంటుందా?"

"నేనా? నాకింకేం పనిలేదా? పెట్టేయ్."

వెనక్కి తిరిగితే మా ఆడపడుచు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో.

"వదినా, ఇదంతా నీ కోసం ఎందుకు రాసుకోవు?"

"వాణ్ణి ఆటపట్టించాను."

"ఆటపట్టించడానికి ఎవరైనా ఇంతసేపు మాట్లాడతారా?"

చాటుగా వినే అలవాటు కూడా ఉందని ఇవాళే తెలిసింది. అయినా వాడికి అందులో సగం అర్థం కాదు, చిన్న ఓనరుకి మిగతా సగం అర్థం కాదు. ఏమీ కాదు.

ఏమీ కాదు.

డిసెంబరు 28, శనివారం

అన్నాచెల్లెళ్ళు కలిసి నా మీద పడ్డారు. మా ఆయన బస్ డిపోలో కంట్రోలరు. సెలవుల రద్దీలో రోజంతా జనం తిట్లు తిని, ఇంటికొచ్చి ఆ ఓపికంతా నా మీద ప్రయోగిస్తాడు.

"రాస్తే పోయేదేముంది?"

"పరువు."

"ఎవరి దగ్గర?"

ఎవరి దగ్గరంటాడేమిటి? ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ మాత్రం తెలియకపోతే చెప్పి లాభం లేదు. నా పని అందరికీ కనపడుతూనే ఉంది. కనపడేదాన్ని మళ్ళీ కాగితం మీద రాసి చూపించుకోవడం దిగజారుడు. అడిగి తెచ్చుకున్న కుర్చీలో ఎవరైనా ఎలా కూర్చుంటారో నాకు అర్థం కాదు.

"నీకు అడగడానికి నామోషీ, ఇవ్వకపోతే ఏడుపు" అన్నాడు మా ఆయన. చెల్లెలు తలూపింది. నేను నా గదిలోకి వచ్చేశాను. ఏడవలేదు. ఆ మాట రికార్డు కోసం రాస్తున్నాను.

డిసెంబరు 30, సోమవారం

రాయకూడదన్న నిర్ణయం మీదే ఉన్నాను. మధ్యాహ్నం రెండు కాగితాలు చింపాను, అది వేరే సంగతి.

డిసెంబరు 31, మంగళవారం

ఆడపడుచు వెళ్ళిపోయింది. పోతూ పోతూ ఫ్రిజ్ మీది పసుపు కాగితం పీకి మడిచి పర్సులో పెట్టుకుంది.

"చెత్తబుట్టలో వెయ్యొచ్చుగా" అన్నాను.

"ఖాళీదే కదా వదినా, ఇంకెవరికైనా పనికొస్తుంది."

ఎంత పొగరు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. మరీ ఎక్కువ ప్రశాంతంగా ఉంది.

జనవరి 2, గురువారం

ల్యాబ్ తెరిచారు. సర్వీసింగ్ చేసినవాడు నా ఫర్నేసు తలుపు ఎడమకి తిరిగేదాన్ని కుడికి బిగించాడు. అడిగితే "రెండూ ఒకటేనండి" అన్నాడు. వాడికి రెండు చేతులూ ఒకటే అయ్యుంటాయి.

కాగితాలు తీసుకున్నారు. కొందరు రంగు పెన్నులతో గీతలు గీసుకొచ్చారు. ప్లాస్టర్ గదిలో చేసే ఆవిడైతే మెట్ల బొమ్మ వేసి, పై మెట్టు మీద తన బొమ్మే వేసుకుంది. నన్నడిగితే "మర్చిపోయాను" అన్నాను. చిన్న ఓనరు నొచ్చుకున్నట్టు మొహం పెట్టి "మీ నుంచి చాలా ఆశించాను మేడమ్" అన్నాడు.

ఆశిస్తే పిలిచి ఇవ్వు. కాగితం ఎందుకు మధ్యలో?

జనవరి 4, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

భోజనాల తర్వాత చిన్న ఓనరు గదిలోకి పిలిచారు. వెళ్తూ చేతులు కడుక్కున్నాను, ఏప్రాన్ తీసేశాను. వస్తున్నది నాకు రావాల్సినదే అనుకున్నాను. లోపల మైనం నిలబడి ఉన్నాడు. బల్ల మీద వాడి కాగితం, కొట్టివేతలతో, వంకర అక్షరాలతో.

"మేడమ్, కూర్చోండి. అందరిలోకీ ఇతను రాసింది అద్భుతంగా ఉంది. కస్టమర్ కిటికీ దగ్గర కూర్చుని నవ్వడం, అద్దం ముందు సిగ్గుపడటం, ఇలాంటి ఆలోచన నేను కోర్సులో కూడా వినలేదు. కానీ ఇతనేమో ఇవన్నీ మీరు చెప్పినవంటున్నాడు. నిజమేనా? మీవైతే చెప్పండి. ఇక్కడికిక్కడే తేల్చేద్దాం."

అంత తేలిగ్గా వచ్చింది. "అవును" అంటే అయిపోయేది.

మైనం వంక చూశాను. వాడు నవ్వుతున్నాడు. ముందు పళ్ళ మధ్య సందు కనపడేలా, తల ఊపుతూ, జవాబు మర్చిపోయిన పిల్లకి అందించే టీచర్‌లా. "చెప్పండక్కా" అన్నాడు. వాడు నా మీద జాలిపడుతున్నాడు. వాడు! నాకు రావాల్సినదాన్ని వీడు తన చేత్తో తీసి నా చేతిలో పెడుతుంటే, ఆ టైల్స్ నోరు చూస్తూ కూర్చుంటే, నేను అందుకోవాలి. ఒళ్ళంతా మండిపోయింది.

"నేనలాంటివి ఎందుకు చెప్తాను?" అన్నాను. "సెలవుల్లో ఫోన్ చేశాడు, ఏదో మాట్లాడుకున్నాం. ఇవి నావి కాదు."

మైనం నవ్వు ఆగిపోయింది. "అక్కా, మీరేగా, ఒకటి రెండు అని లెక్క చెప్పి మరీ..."

చిన్న ఓనరు చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. లేచి వెళ్ళి భుజం తట్టాడు. "చూశారా మేడమ్? తన ఆలోచనలకి సీనియర్ పేరు పెడుతున్నాడు. ఎంత వినయం! లీడర్ అనేవాడు ఇలా ఉండాలి."

ఇంతకంటే మొద్దుబుర్ర ఈ భూమ్మీద లేదు. అయినా అనుకోవాల్సింది ఆ మొద్దుబుర్ర గురించేనా అన్నది ఇప్పుడు ఆలోచించను.

బయట పళ్ళు శుభ్రంచేసే ఇసుక యంత్రం చప్పుడులో మైనం నా వెనకే వచ్చాడు.

"ఎందుకక్కా అలా అన్నారు? నన్ను అబద్ధాలకోరుని చేశారు."

"అబద్ధాలకోరుని కాదు, హెడ్‌ని చేశాను. పో."

"నాకు మైనం పనే ఇష్టం అక్కా. ఆ పదవి నాకెందుకు? మా ఆవిడ పోరుపడలేక రాశాను గానీ." కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. "మీకు కావాలనే కదా నేను చెప్పింది."

నాకు కావాలని వీడికెవరు చెప్పారు? నేను ఎక్కడా చెప్పలేదే.

జనవరి 6, సోమవారం

అందరినీ మళ్ళీ మైనం బల్లల దగ్గర నిలబెట్టారు. కొత్త హెడ్ మైనమేనని చెప్పి, చిన్న ఓనరు ఆ కాగితం పైకి చదివాడు. నా మాటలు వాడి నోట్లోంచి వింటుంటే ఎంగిలి గ్లాసులో నీళ్ళు తాగినట్టుంది. "సిగ్గుపడినవాడికే పని వస్తుంది" అన్నచోట ఆగి చప్పట్ల కోసం చూశాడు. కొట్టారు. నేనూ కొట్టాను. పక్కవాళ్ళు చూస్తారని కాస్త గట్టిగానే కొట్టాను.

మైనం నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. వినయం, వినయం అని గొణుక్కున్నారు వెనకాల.

ఇంట్లో మా ఆయనకి చెప్పాను, కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగితే. అంతా విని, "ఒక్క అవును అనడానికి నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. తలుపు వేసేసుకున్నాను. కాసేపటికి టీ తెచ్చాడు. పంచదార ఎక్కువైంది. ఈ ఇంట్లో ఒక్కరికి ఒక్క పని సరిగ్గా రాదు. తాగేశాను.

జనవరి 7, మంగళవారం

చిన్న ఓనరుకి వెళ్ళి చెప్పేస్తాను. అవి నావేనని. ఇందులో అడుక్కోవడం లేదు, ఉన్న నిజం చెప్పడం. అది వేరు, ఇది వేరు. రేపు.

జనవరి 8, బుధవారం

ఇవాళ ఆయన బయటికెళ్ళాడు. పదకొండింటి తర్వాత ఉన్నాడు గానీ, అప్పటికి నేను మూడు పళ్ళ బ్రిడ్జి పని మధ్యలో ఉన్నాను.

జనవరి 9, గురువారం

వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. లోపల ఒక్కడే ఉన్నాడు, ఏదో టైప్ చేసుకుంటున్నాడు. మెట్లెక్కుతూ మాటలన్నీ వరసగా పెట్టుకున్నాను. మొదట "ఆ రోజు మీరు అడిగినప్పుడు" అనాలి. తర్వాత "నేను సరిగ్గా చెప్పలేదు" అనాలి. ఆ తర్వాతది ఒక్క వాక్యం.

తలెత్తాడు. ఈసారి నవ్వలేదు, వెటకారం లేదు, ఉపన్యాసమూ లేదు. చేస్తున్న పని ఆపి, కుర్చీ నా వైపు తిప్పి, మామూలు మనిషిలా అడిగాడు.

"చెప్పండి మేడమ్. మీకేం కావాలి?"

నోరు తెరిచాను. ఆయన ఓపిగ్గా చూస్తున్నాడు. అంత ఓపిక వాడిలో ఉందని నాకు తెలియదు. తిట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వాడి మొహమంతా వెతికాను. ఏమీ దొరకలేదు.

"బ్రష్షులు" అన్నాను. "సెరామిక్ పెట్టే సన్న బ్రష్షులు. వెంట్రుకలు ఊడిపోతున్నాయి."

"ఓ, అదా" అన్నాడు. మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగాడు. "అవన్నీ ఇప్పుడు మీ హెడ్‌కి చెప్పాలి మేడమ్."

కిందికి దిగి హెడ్‌కి చెప్పాను. సాయంత్రం లోపల తెప్పించాడు. తనే తెచ్చి నా బల్ల మీద పెట్టి, నా మొహంలోకి చూడకుండా వెళ్ళిపోయాడు. మంచివే తెచ్చాడు. మొన పట్టుకుంటే నిలుస్తోంది, వంక పెట్టడానికేమీ లేదు.

నాకు ఆ పదవి కావాలి. మొదట్నుంచీ కావాలి. పెద్దాయన మోకాళ్ళు నొప్పులనడం మొదలుపెట్టిన రోజు నుంచీ కావాలి. చూశావా, ఇక్కడైతే ఎంత తేలిగ్గా రాసేశానో.